మిగిలిన చేతులు
డాక్టర్ మేరీ వర్గీస్ జీవితము

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 12వ అధ్యాయము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలోని పల్లెలలో తిరుగునప్పుడు ఒక దృశ్యము మనకు తరచుగా ఎదురగును. ఇంటి వెనుక పంచలో ఒక నులక మంచము. దానిమీద ఒక మనుష్యుడు. మోకు తెగి తాటిచెట్టుపై నుండి పడినవాడో, పూడిక తీయబోయి బావిలో జారినవాడో, లారీమీద నుండి మూటతో కూడ పడినవాడో అయియుండును. నడుము క్రింద స్పర్శ లేదు, కదలిక లేదు. పడిన మొదటి నెలలో ఊరంతయు వచ్చి చూచెను. సంఘము ప్రార్థన చేసెను. రెండవ ఏటికి వచ్చువారు తగ్గిరి. ఇక వాని పని అయిపోయినదని ఇంటివారు అనుకొనిరి, ఊరు అనుకొనెను, చివరకు అతడును అదే అనుకొనెను.

అట్లు అనుకొనుట సరియేనా? ఈ ప్రశ్నకు జవాబుగా ఈ మాసము ఒక సహోదరి జీవితమును మీ ముందు ఉంచుచున్నాము. ఆమె పేరు డాక్టర్ మేరీ వర్గీస్. ఆమె మన తెలుగు దేశపు బిడ్డ కాదు, కేరళ దేశస్థురాలు. అయితే ఆమె పనిచేసిన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి మన చిత్తూరు సరిహద్దున ఉన్నది. పెద్ద జబ్బు వచ్చినయెడల ఉన్న కాస్త పొలము కుదువపెట్టియైనను రైలెక్కి అక్కడికి పోవుట మనవారికి క్రొత్త కాదు. కాబట్టి ఆ ఆసుపత్రిని ఎరిగిన మనము ఆమెను కూడ ఎరుగుట మంచిది.

మేరీ 1925వ సంవత్సరమున కొచ్చి దగ్గర చెరాయి అను గ్రామములో జన్మించెను. కలిగిన కుటుంబము, పెద్ద కుటుంబము. తండ్రి ఊరిలో పేరున్నవాడు, సంఘములో పెద్ద. ఆమె ఎర్నాకులములో చదివి, వైద్యవిద్య నిమిత్తము రాయవేలూరు చేరెను. ఆ సంస్థకు పునాది వేసినది డాక్టర్ ఐడా స్కడర్. ఆమె 1900వ సంవత్సరమున ఒకే ఒక్క మంచముతో వైద్యము మొదలుపెట్టి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపించెను. మేరీ అక్కడ పట్టము పొంది, ప్రసవ వైద్యములోను స్త్రీల వ్యాధులలోను నిపుణురాలు కావలెనని నిశ్చయించుకొని డాక్టర్ కారల్ జేమ్సన్ క్రింద పనిలో చేరెను. చురుకైన పిల్ల, మంచి చదువు, ముందు చక్కని మార్గము. లోకము దృష్టిలో ఏ కొరతయు లేదు.

1954 జనవరి నెలాఖరున ఒక దినము యువ వైద్యులు కొందరు కలిసి విహారమునకు బయలుదేరిరి. మేరీయు వారితో ఉండెను. దారిలో వారి వాహనము ముందున్న బస్సును దాటబోయి అదుపు తప్పి పల్టీలు కొట్టెను. అనేకులకు గాయములు తగిలెను గాని, అందరికంటె ఎక్కువ దెబ్బ మేరీకే తగిలెను. ఆమె ముఖము చీలిపోయెను. కొన్నాళ్లకు ఆ గాయము మానెను గాని మచ్చ మిగిలిపోయెను. అయితే మానని గాయము వేరొకటి ఉండెను. ఆమె వెన్నుపాము దెబ్బతినెను. నడుము క్రింది భాగమంతయు చచ్చుబడెను. వయస్సు ఇంకను ముప్పది నిండలేదు.

ఇక్కడ కొంచెము ఆగి, దేవుడు మన శరీరమును ఎట్లు అమర్చెనో చూతము. ఇది తెలియనియెడల మేరీ జీవితములోని ఆశ్చర్యము మనకు పూర్తిగా తెలియదు.

మన వీపు నడుమ చేతితో తడిమిన గట్టిగా తగులునవి వెన్నుపూసలు. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ పూసల మధ్యనుండి ఒక గొట్టమువంటి దారి ఉన్నది. ఆ దారిలో మెదడునుండి దిగివచ్చు మెత్తని త్రాడే వెన్నుపాము. అది చిటికెనవ్రేలంత లావు, ఎదిగిన మనిషిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. తల అడుగున మొదలై నడుము పైభాగమున ముగియును. దానికి ఇరుప్రక్కలనుండి 31 జతల నరములు బయలుదేరును. మన పల్లెలలో నెత్తురు పారు గొట్టములను కూడ నరములనియే పిలుతురు. మేము చెప్పునవి అవి కావు. ఇవి వార్తలు మోయు తీగలు. మెదడు ఆజ్ఞను కండరమునకు చేర్చునవియు, వేడి, చల్లన, నొప్పి అను కబురును మెదడునకు తెచ్చునవియు ఇవే.

ఈ నరములన్నియు ఒక్కచోటనుండి బయలుదేరవు. చేతులకు పోవునవి మెడ దగ్గరనే విడిపోవును. మెడ భాగములోని ఐదవ, ఆరవ, ఏడవ, ఎనిమిదవ నరములును, వాటి క్రిందనున్న ఎదభాగపు మొదటి నరమును కలిసి ఐదు పాయలు. ఇవి మెడ ప్రక్కనుండి మెడ ఎముక క్రిందుగా చంకలోనికి దిగుచు, తల్లి బిడ్డకు జడ అల్లినట్లు కలిసి, విడిపోయి, మరల కలియును. ఆ అల్లికనుండి చేతికి ముఖ్యమైన నరములు పుట్టును. ఒకటి భుజము ఎత్తించును. ఒకటి మోచేయి మడిపించును. ఒకటి జబ్బ వెనుకగా చుట్టివచ్చి మణికట్టును పైకి లేపించును. ఒకటి చేతి నడుమగా దిగి, బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్లకు ఎదురుగా వచ్చి పట్టుకొనునట్లు చేయును. మరియొకటి మోచేతి లోపలి ప్రక్క ఎముక వెనుకగా పోయి చిటికెనవ్రేలిని చేరును. ఆ ఎముక గడపకు తగిలినప్పుడు చిటికెనవ్రేలి వరకు జివ్వుమనునది ఈ నరమే.

కాళ్లకు పోవు నరముల ఆజ్ఞలో, వెన్నుపాము పొడవునా దిగి నడుము దగ్గర బయలుదేరవలెను. కాబట్టి నడిమార్గములో వెన్నుపాము తెగినయెడల కాళ్లకు వార్త చేరదు. మూత్రము మీద, మలము మీద వశము తప్పును. అయితే చేతుల నరములు అంతకు పైననే విడిపోయినవి గనుక వాటికి హాని కలుగదు. మేరీకి జరిగినది ఇదే. ఆ దెబ్బ కొన్ని అంగుళములు పైన, మెడ దిగువ భాగమున తగిలియుండినయెడల ఆమె చేతులును పోయియుండును. ఇంకను పైన తగిలినయెడల ఊపిరియే ఆగిపోయియుండును. కొన్ని అంగుళముల దూరములో ఆమె చేతులు మిగిలెను.

కాని, సహోదరులారా, చేతులు మిగిలినవని ఆమె వెంటనే సంతోషించెనని మేము వ్రాయము. అట్లు వ్రాయుట సత్యము కాదు. నెలల తరబడి ఆమె మంచముమీద ఉండెను. కూర్చుండగలుగుటకే ఆమె కష్టమైన శస్త్రచికిత్సలు చేయించుకొనవలసివచ్చెను. నొప్పి, తన శరీరము తన వశములో లేదను సిగ్గు, అద్దములో మచ్చపడిన ముఖము, ఇతరులకు భారమైతినను బాధ, ఇవన్నియు ఆమె అనుభవించెను. ఆమె విశ్వాసురాలే. విశ్వాసురాలికి కన్నీరు రాదని ఎవరు చెప్పిరి? కీర్తనల గ్రంథము చదివినవారెవరును ఆ మాట చెప్పరు. పోయిన కాళ్లు తిరిగి రావలెనని ప్రార్థించుచున్న ఆమె, మిగిలిన చేతులను ప్రభువునకు అప్పగించుటకు మెల్లమెల్లగా నేర్చుకొనెను. ఆ నేర్చుకొనుట ఒక్క రాత్రిలో జరుగలేదు.

ఆ సమయమున ఆమెకు దారి చూపిన వైద్యుడు పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళ దేశములోని కొల్లి కొండలలో మిషనెరీ తలిదండ్రులకు పుట్టి, లండనులో శస్త్రవైద్యము నేర్చి, 1946లో రాయవేలూరు వచ్చినవాడు. చెంగల్పట్టు కుష్ఠురోగుల ఆశ్రమమును చూడబోయినప్పుడు, కొంకులు పోయిన వారి చేతులను ఆయన గమనించెను. అంతకు పూర్వము, కుష్ఠు మాంసమును తినివేయుటచేతనే వ్రేళ్లు రాలిపోవునని అందరును నమ్మిరి. ఆయన పరిశీలించి తెలిసికొనినది వేరు. ఆ రోగక్రిములు శరీరములో చల్లగా ఉండు చోట్లను, అనగా నరములు చర్మమునకు దగ్గరగా వచ్చు చోట్లను ఎక్కువగా దెబ్బతీయును. మోచేతి లోపలి ప్రక్కనున్న నరము వాచి పాడగును, అప్పుడు ఉంగరపు వ్రేలును చిటికెనవ్రేలును గోరువలె వంగిపోవును. మణికట్టు దగ్గరి నరము పాడగును, అప్పుడు బొటనవ్రేలు పట్టు తప్పును. స్పర్శ కూడ పోవును గనుక, కాలుచున్న గిన్నె పట్టుకొనినను, ముల్లు గుచ్చుకొనినను, రాత్రి ఎలుక కొరికినను రోగికి తెలియదు. ఆ పుండ్లవలననే వ్రేళ్లు పోవును. నొప్పి లేకపోవుటయే వారి నాశనమునకు కారణము.

ఆయన మరియొకటి చూచెను. వ్రేళ్లు వంకరపోయిన చేతిలోనే ముంజేతి కండరములు అనేకము బలముగా ఉండెను. కండరమును ఎముకకు కట్టియుంచు త్రాటివంటి స్నాయువు ఒకటి ఉన్నది. బలమైన కండరపు స్నాయువును దాని చోటునుండి విడదీసి, చర్మము క్రిందుగా నడిపించి, పనిచేయని వ్రేలికి కుట్టినయెడల ఆ వ్రేలు మరల పనిచేయును. పోయిన నరమును ఆయన బ్రతికించలేదు. మిగిలిన బలమును లోటున్న చోటికి మళ్లించెను. ఈ మాటను మనసున పెట్టుకొనుడి.

మన గద్వాల నేతపనివారిని తలచుకొందము. గుంట మగ్గము మీద నాడె విసరుటకు, తెగిన పోగును ముడివేయుటకు బొటనవ్రేలును చూపుడువ్రేలును కలియవలెను. ఆ రెండును కలియని నేతగానికి మగ్గమున్నను లేనట్లే, ఇంట కూడున్నను లేనట్లే. కాబట్టి చేయి బాగుచేయుట అందము కొరకు కాదు, అన్నము కొరకు.

చేతి శస్త్రచికిత్సను వైద్యుడు కూర్చుండియే చేయును. మేరీ కూర్చుండగలదు. ఆమె చేతులు నిబ్బరమైనవి. ఆమె ఆ పని ఏల నేర్వకూడదని డాక్టర్ బ్రాండ్ తలంచెను. మొదట ఆమెకే నమ్మకము కలుగలేదు. అయినను చక్రాల కుర్చీలో శస్త్రచికిత్స గదిలోనికి వచ్చి, ప్రక్కన కూర్చుండి సహాయము చేసి, క్రమక్రమముగా తానే కత్తి పట్టెను. కాళ్లు చచ్చుబడిన వైద్యురాలు చేతులు చచ్చుబడిన కుష్ఠురోగుల చేతులను బాగుచేయసాగెను.

రోగులమీద ఇది ఎట్లు పనిచేసెనో ఆలోచించుడి. ఇంటివారు వెళ్లగొట్టినవారు, ఊరివారు దూరముగా ఉంచినవారు, తమకిక ఏమియు లేదని నిరాశపడినవారు అక్కడ పడియుండిరి. వారి మధ్యకు తమకంటె ఎక్కువ పోగొట్టుకొనిన ఒక స్త్రీ చక్రములు త్రోసికొనుచు వచ్చుచున్నది. కట్టు విప్పిన తరువాత వ్రేళ్లకు వ్యాయామము నేర్పుచున్నది. వారములపాటు శ్రమపడి చేయవలసిన వ్యాయామము అది. విసుగుచెందిన రోగికి ఆమెను చూచిన తరువాత విసుగు నిలువదు. ఆమె కుర్చీయే ఒక ప్రసంగము.

అంతటితో ఆమె తృప్తిపడలేదు. తనవలె వెన్నుపాము దెబ్బతినినవారు ఈ దేశములో ఏమగుచున్నారను చింత ఆమెను విడువలేదు. ఆ దినములలో అట్టివారిలో అనేకులు పడక పుండ్లతోను, మూత్రపు దారి చెడి మూత్రపిండములు పాడగుటతోను కొద్ది కాలములోనే చనిపోవుచుండిరి. రాయవేలూరులో డాక్టర్ జేకబ్ చాందీ 1949లో మెదడు, నరముల శస్త్రవైద్య విభాగమును ఆరంభించియుండెను. అది మన దేశములో మొదటిది. ప్రాణము దక్కించుట అక్కడ జరుగుచుండెను. ప్రాణము దక్కిన తరువాత బ్రదుకు నేర్పువారు కావలెను. మేరీ మొదట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు పోయి అట్టి చికిత్సను తానే పొంది, తన పనులు తాను చేసికొనుట నేర్చెను. పిమ్మట అమెరికాలోని న్యూయార్కునకు పోయి, డాక్టర్ హోవార్డ్ రస్క్ స్థాపించిన సంస్థలో పునరావాస వైద్యమును చదివెను. చక్రాల కుర్చీలో సముద్రములు దాటిన ఆ ప్రయాణము ఎంత కష్టమో, మన ఊరి బస్సెక్కుటకు వృద్ధులు పడు పాట్లు చూచినవారికి తెలియును.

1962లో ఆమె తిరిగివచ్చెను. 1963లో రాయవేలూరులో పునరావాస వైద్య విభాగమునకు అధిపతి ఆయెను. 1966లో ఆ విభాగమునకు చేరి, రోగులు బసచేసి నేర్చుకొను పునరావాస కేంద్రము తెరువబడెను. అక్కడ రోగికి మంచమునుండి కుర్చీలోనికి తానుగా మారుట, పుండ్లు పడకుండ తనను కాపాడుకొనుట, వంట చేసికొనుట, చేతిపని చేసి సంపాదించుట నేర్పుదురు. ప్రభుత్వము 1972లో ఆమెకు పద్మశ్రీ బిరుదు నిచ్చి గౌరవించెను. దెబ్బతిన్న తరువాత ముప్పదిరెండు సంవత్సరములకు పైగా ఆమె బ్రదికెను. 1986 డిసెంబరులో ప్రభువునందు నిద్రించెను. కాళ్లతో నడిచిన సంవత్సరముల కంటె, కుర్చీలో కూర్చుండి ఆమె సేవచేసిన సంవత్సరములే ఎక్కువ ఫలించెను.

ఇప్పుడు మన సంగతి చూతము. మన వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. మెడనుండి చేతికి దిగు ఆ నరముల అల్లికను మన ప్రాంతమందే విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. అది సంతోషము. అయితే డాక్టరు వచ్చులోగా జరుగవలసిన పని మన చేతులలోనే ఉన్నది.

చెట్టుమీదనుండి గాని బావిలో గాని ఒకడు పడినయెడల, ప్రేమ కొలది చేతులు కాళ్లు పట్టి లేవనెత్తి, కూర్చుండబెట్టి నీళ్లు త్రాగింతుము. ఇది చేయకూడదు. విరిగిన పూస కదిలి, అంతవరకు తెగని వెన్నుపామును తెంపవచ్చును. అతనిని కదపక, తలయు మెడయు వీపును ఒకే వరుసలో ఉండునట్లు నలుగురైదుగురు ఒక్కసారి పట్టి, దుంగను దొర్లించినట్లు తలుపు చెక్కమీదికి చేర్చవలెను. 108కి కబురు చేయవలెను. మెడకు ఇరువైపుల బట్ట మడతలు పెట్టి అది కదలకుండ చూడవలెను.

కాళ్లు పడిపోయి మంచమున ఉన్నవానిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. నొప్పి తెలియదు గనుక పుండు పడినను అతడు చెప్పలేడు. దినమునకొకసారి తుంటి, మడమ, వీపు కన్నులతో చూడవలెను. ఇంటిలో ఒక్కతే ఉన్న ఇల్లాలికి ఇది మోయలేని బరువు. సంఘములోని నలుగురు పూటకొకరుగా పోయినయెడల బరువు తేలికయగును.

శరీరముమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చగాని ఎర్రని మచ్చగాని కనిపించినయెడల దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కుష్ఠుకు మందు ఉచితముగా ఇత్తురు. ఆరు నెలలలోనో, సంవత్సరములోనో అది నయమగును. నరము చెడకముందే మందు మొదలుపెట్టినయెడల చేయి వంకరపోకుండ చాలవరకు కాపాడుకొనవచ్చును. నయమైనవానిని బల్లయొద్దకు దూరముగా కూర్చుండబెట్టు సంఘము ఇంకను ఎక్కడైనను ఉన్నయెడల అది పశ్చాత్తాపపడవలెను.

ఇంకొక చిన్న సంగతి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, ప్రజలు వచ్చిపోవు కట్టడములకు వాలుదారి ఉండవలెనని చెప్పుచున్నది. చట్టము సంగతి అట్లుండనిచ్చి, మన మందిరపు గుమ్మము చూతము. ఎన్ని మెట్లున్నవి? మార్కు సువార్త రెండవ అధ్యాయములో నలుగురు మనుష్యులు పక్షవాయువుగలవానిని మోసికొని వచ్చి, గుమ్మమునొద్ద దారి లేక ఇంటి కప్పు విప్పిరి. మన మందిరమునకు రావలెనన్నను ఇంకను కప్పు విప్పవలసియున్నదా? నాలుగు గంపల ఇసుక, రెండు బస్తాల సిమెంటు, యౌవనస్థుల ఒక దినపు కష్టము ఉన్నయెడల వాలుదారి తయారగును.

పౌలు మహాశయుడు కొరింథు సంఘమునకు శరీరమును గూర్చి వ్రాసినప్పుడు, బలహీనమని తోచు అవయవమునే అవశ్యమైనదిగా ఎంచెను. వెన్నుపాము మెత్తనిది, చిటికెనవ్రేలంతటిది, ఎవరికిని కనబడనిది. అయినను అది లేక చేయి లేవదు, అడుగు పడదు. సంఘము కూడ అట్టిదే. మంచమునబడిన సహోదరుని మనము పోయిన అవయవముగా ఎంచుచున్నాము. దేవుడు అట్లు ఎంచడు. అతని కాళ్లు పోయినవి నిజమే. చేతులున్నవా? బుట్ట అల్లగలడు, దుకాణము నడుపగలడు, బడిపిల్లలకు లెక్కలు చెప్పగలడు. చేతులును పోయినవా? కంఠమున్నది, ప్రార్థనయున్నది, ఇతరులను ఆదరించు మాటయున్నది. ఏమి పోయినదని అడుగుట లోకపు లెక్క. ఏమి మిగిలినదని అడుగుట విశ్వాసపు లెక్క.

ఈ మాసము ప్రతి సంఘమువారును తమ ఊరిలో అట్టి ఒక్క మంచమునొద్దకైనను పోవలెనని మేము కోరుచున్నాము. పోయినప్పుడు ఊరక జాలిపడి రాక, అతని చేతులను చూడుడి. ఆ చేతులతో ఏమి చేయవచ్చునో అతనితో కూర్చుండి ఆలోచించుడి. మేరీకి దారి చూపుటకు ఒక వైద్యుడు ఆమె ప్రక్కన కూర్చుండెను. మన ఊరి సహోదరుని ప్రక్కన కూర్చుండవలసినవారు మనమే.

మిగిలినదానిని ఆయన చేతికి అప్పగించు కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.